మూత తీయని గుండీల డబ్బా

విలన్ కాళ్ళే తప్ప ముఖం చూపించనంటే చూపించనని దర్శకుడు, చూపించకపోతే సినిమా ఆపేస్తానని నిర్మాత, దుస్తుల గదిలో పొద్దున్నే వాదులాటకు దిగారు. అక్కడ నలభై ఏళ్ళుగా కుట్టుపని చేస్తున్న పెద్దమ్మ, కందకు లేని దురద కత్తిపీటకెందుకని దారం కొరుకుతూ వింటోంది.

"జనం వచ్చేది వాడి ముఖం చూడ్డానికయ్యా, మడమలు చూడ్డానికి కాదు!" అన్నాడు నిర్మాత.

దర్శకుడు పెద్దమ్మ గుండీల డబ్బా అందుకుని, మూత వేలెడంత ఎత్తి, లోపలికి తొంగిచూసి, మొహం చిట్లించి టక్కున మూసేశాడు. కొలతల టేపుతో చుట్టి నిర్మాత ముందు పెట్టాడు. ఆపైన షూటింగు తేదీలు మాట్లాడసాగాడు. నిర్మాత ఊ కొడుతున్నాడే గానీ, చూపంతా డబ్బా మీదే.

"ఏముందయ్యా అందులో?"

"ఎల్లుండి వాన షాటు సార్..."

"వాన సంగతి తర్వాత. ముందు మూత తియ్యి!"

"చూశారా? లోపలేముందో ముందే చూపించి ఉంటే ఈపాటికి టీకి లేచిపోయేవారు."

నిర్మాత నవ్వేసి, ఆగలేక మూత లాగాడు. గుండీలన్నీ నేలపాలు. గెలిచింది దర్శకుడు, ఏరుకున్నది పెద్దమ్మ.

దర్శకుడికి ఈ విద్య బడిలో రాలేదు. వయసులో ఉండగా సినిమా హాల్లో టిక్కెట్లు చింపేవాడు. తెరకి వీపు పెట్టి, జనం ముఖాలే చూసేవాడు. వాళ్ళు నమలడం ఆపేది కత్తి కనబడ్డప్పుడు కాదు. కత్తి ఉన్న గదిలోకి హీరోయిన్ కూనిరాగం తీసుకుంటూ వస్తున్నప్పుడు. చూసేవాళ్ళకి తెలియాలి, తెరమీద మనిషికి తెలియకూడదు. ఆయన చదువంతా ఇంతే. పెద్దమ్మ వెలగబెట్టిన రెండో తరగతి కంటే గొప్పదేం కాదు.

అంతటివాడికీ అసలు సీను దగ్గరే దెబ్బ తగిలింది. ఒంటరి ఆడమనిషి మిషన్ కుడుతుంటుంది, వెనక కర్టెన్ కింద రెండు బూట్లు. తీసినంతవరకు వేసి చూపిస్తే పదిమందీ ఆవలించారు. శనివారంలోగా భయం పుట్టించకపోతే ఆ సీను పీకేసి, ముఖం కనబడేట్టు వేరే దర్శకుడితో తీయిస్తానన్నాడు నిర్మాత.

ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వేసుకుంటున్న దర్శకుడికి చొక్కాలు ఇవ్వబోయి, పెద్దమ్మ నిలబడిపోయింది.

"ఆ పిల్ల కుట్టడం లేదు నాయనా, సైకిలు తొక్కుతోంది."

"అదేంటి పెద్దమ్మా?"

"కళ్ళు మూసుకుని విను. కుట్టే మనిషి మూల రాగానే ఆగుతుంది. గుడ్డ తిప్పుకుంటుంది, మళ్ళీ తొక్కుతుంది. నీ మిషన్‌కి మూలలే లేవు."

నిజమే. ఆగిన చోట్లన్నీ పొరపాట్లనుకుని సౌండాయన శుభ్రంగా కత్తిరించేశాడు. ఆ ఏకధాటి మోతలో వెనక బూటు కిర్రుమన్నా ఎవడికి వినబడుతుంది? వినబడాల్సింది ఆ ఆగిన చోటే.

శుక్రవారం పొద్దున ఆ చప్పుళ్ళు మళ్ళీ రికార్డు చేయడానికి పెద్దమ్మ మిషన్ పక్కన మైకు పెట్టించి, దర్శకుడు విలన్ బూట్లు తొడుక్కున్నాడు.

"కాలరు కుట్టు పెద్దమ్మా. నేను నీ వెనకే ఉంటాను. ఎప్పుడు అడుగేస్తానో చెప్పను."

"నీ బూట్లకి జడుసుకునే దాన్నా నేను?"

"జడుసుకోకు. నీ పని నువ్వు చేసుకో. ఒక్కటే అడుగుతున్నా, నేను ఎంత దగ్గరికొచ్చినా వెనక్కి మాత్రం తిరగకు."