జామాయిలు అడ్డమొచ్చిన టీవీ

రండి, గుమ్మంలోనే నిలబడిపోకండి. ఆ పీట ఇటు లాక్కుని నా పక్కన కూర్చోండి. చేతిలో పనుంటే అదీ తెచ్చుకోండి, వినడానికి కావలసింది చెవులే కదా. మా ఇంటి టీవీ సంగతి చెబుతాను. మా వదిన అందులో కనబడిన సంగతి, ఆమెను కనబడేలా చేయడానికి మేము పడిన పాట్లు.

మాది చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యేచోట ఏడు ఇళ్ల ఊరు. కేబులు తీగ మా దాకా రాలేదు. వస్తుందన్న ఆశ కూడా పోయాక, ఒక ఏడాది మా ఆయన మిరపకాయలు అమ్మడానికి ఖమ్మం వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒక డిష్ గొడుగు, ఒక చిన్న డబ్బా వేసుకొచ్చాడు.

"ఇది ఒక్కపారి కొంటే అయిపాయె. నెలనెలా రీచార్జి లేదు, ఎవనికీ ఏం కట్టేది లేదు. మీదికెల్లి ఉత్తగనే వస్తది," అన్నాడు.

మా అత్త ఆ డబ్బాను చేత్తో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "గింతే ఉన్నదేందిరా. గిందుల ఎంతమంది పడ్తరు?" అన్నది.

మా టీవీ పాతది, వెనక పెద్ద వీపున్న రకం. డబ్బా నుంచి ఎరుపు, తెలుపు, పసుపు తీగలు మూడు తెచ్చి దాని వెనక గుచ్చితే చాలు, ఆకాశం నుంచి వచ్చేదాన్ని డబ్బా బొమ్మగా మార్చి టీవీకి ఇచ్చేది. నడిచిన కాసేపటికి డబ్బా వెచ్చబడుతుంది. అది చూసి మా అత్త తన వక్కాకు సంచి తెచ్చి దాని మీద పెట్టింది, పొగాకు మెత్తబడకుండా ఉంటుందని. బిగించడానికి వచ్చిన మనిషి వద్దన్నాడు. "నా సంచి పెడితే నీ డబ్బా అరుగుతదా," అని అత్త అక్కడే ఉంచింది.

ఆ మనిషి వాకిట్లో ఇనుప గొట్టం పాతి, గొడుగును ఆగ్నేయం మూలకు తిప్పి బిగించాడు. "ఇటు దిక్కు ఆకాశం మంచిగ ఖాళీగున్నది," అన్నాడు. నిజమే, ఖాళీగానే ఉంది. మా కంచెకు అవతలి జామాయిలు తోటను అప్పుడే నరికి, దుంగలను సారపాక కాగితం మిల్లుకు పంపించారు. మోకాలెత్తు మొద్దులు తప్ప అక్కడ ఏమీ లేదు. జామాయిలును నరికితే మొద్దు నుంచే చిగురు పెట్టి మళ్లీ లేస్తుందని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అప్పుడు ఇంటిల్లిపాదీ అక్కడే నిలబడి ఉన్నాం. ఒక్కరికీ తోచలేదు.

ఆ తోట మా ఆయన మేనమామ కొడుకుది. నేను అన్నా అని పిలుస్తాను. మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, అతను వరసకు బావ. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు మాట అనుకోకుండా దాటిపోయిన రోజు లేదు. వదినది మా పక్క ఇల్లే. పెనిమిటి మిల్లులో కాంట్రాక్టు పనిలో ఉండి వారానికోసారి వస్తాడు. ఉన్న రెండెకరాలు ఆమే చేసుకుంటుంది, తీరిక దొరికితే కూలికి వెళుతుంది.

రెండేళ్ల కిందట, కందులు కొట్టే రోజుల్లో, వ్యవసాయం సారు జీపులో కెమెరా వాళ్లను వెంటబెట్టుకుని వదిన ఇంటికి వచ్చాడు. వదిన విత్తనాలు దాచే పద్ధతి గురించి ఎవరో ఆయనకు చెప్పారట. ఆమె కుండలో ఒక వరస బూడిద, ఒక వరస వావిలాకు, ఒక వరస కందులు పోసి, మూతికి పేడమట్టి మెత్తి పెడుతుంది. మళ్లీ తొలకరికి విప్పితే ఒక్క గింజకూ పురుగు ఉండదు. అదంతా కెమెరా ముందు చేసి చూపించింది. పొలం పనుల కార్యక్రమంలో వేస్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ రోజు ఊళ్లో సగం మంది మిరప కోతకు, సగం మంది అడవికి పోయి ఉన్నారు. జీపును నేనూ మా అత్తా తప్ప ఎవరూ చూడలేదు. వదిన సంతోషం పట్టలేక అందరికీ చెప్పుకుంది. వారం గడిచింది, నెల గడిచింది, టీవీలో రాలేదు.

అన్న ఊరుకుంటాడా. అతని టీవీ ముందటి వానాకాలం పిడుగుకు కాలిపోయింది. అప్పటి నుంచి పొద్దుగూకగానే కాళ్లు కడుక్కుని మా ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని టీవీ ముందు కూర్చునేవాడు.

"ఏం మరదలా, నిన్న వార్తల్ల నువ్వే చదివినవంట గద," అనేవాడు.

"అవ్ బావ. తిక్కోడొకడు జామాయిలు తోటల తప్పిపోయిండని చదివిన. నువ్వు వినలేదా?" అనేది వదిన.

అక్కడితో ఆగితే బాగుండేది. కూలి గుంపులో ఆడవాళ్లు ఆమెను టీవీ మేడం అనడం మొదలుపెట్టారు. మేడం గారు వస్తున్నారు, సాలు వదలండి అనేవారు. మొదట నవ్వింది. తర్వాత ఆ గుంపులో కోతకు పోవడం మానేసి, ఒక్కతే దూరం చేనుకు పోయేది. ఒకరోజు నాతో కలిసి గిన్నెలు తోముతూ చెయ్యి ఆపి అడిగింది. "నువ్వు చూసినవ్ గదనే. నేను అబద్ధమాడే మనిషినా?"

"నేను చూసిన, అత్త చూసింది. చెప్తనే ఉన్నం," అన్నాను.

"మీరు ఇంటోళ్లు. మీ మాట ఎవరు నమ్ముతరు."

అదే సమయానికి మా టీవీకి రోగం పట్టుకుంది. బొమ్మ బాగానే వస్తూ వస్తూ ఉన్నట్టుండి గళ్లుగళ్లుగా పగిలేది. మాట్లాడే మనిషి మూతి ఒకచోట, కళ్లు ఒకచోట నిలబడిపోయేవి. తర్వాత తెర నీలంగా అయిపోయేది. మా ఆయన డబ్బా నెత్తి మీద రెండు దెబ్బలు వేశాడు. తీగ మార్చాడు. నేను గొడుగును కుంకుడు రసం పెట్టి తోమాను. మా అత్త దానికి పసుపు రాసి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టింది.

"ఫ్రీ డబ్బా గద, గట్లనే ఉంటది," అనేవాడు అన్న, మా గోడకే ఆనుకుని, మేమిచ్చిన చాయే తాగుతూ.

ఎండలు ముదిరాక ఒక సోమవారం వ్యవసాయం సారు ఫోన్ చేశాడు. మా దగ్గర ఫోన్ అందాలంటే కల్లం దగ్గరి బండ ఎక్కాలి. వదిన ఆ బండ మీద నుంచి చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. "బేస్తవారం ఆరున్నరకంట. ఒక్కసారే ఏస్తరంట, మల్ల రాదంట," అన్నది. అని, మా టీవీ వైపు చూసింది. తెర నీలంగా ఉంది. ఆమె మొహం చూడలేకపోయాను.

ఊళ్లో ఇంకో టీవీ చివరింటి వాళ్లది. వాళ్లు కూతురి కాన్పుకని తాళం వేసి భద్రాచలం దవాఖానకు పోయారు. గొడుగు బిగించిన మనిషి పెళ్లిళ్లకు పోయాడు, శుక్రవారం దాకా రాడు. మాకు మేమే గొడుగును కదిలిద్దామంటే భయం. అది వేలెడు జరిగినా ఉన్న బొమ్మ కూడా పోతుందని ఆ మనిషి చెప్పి ఉన్నాడు.

నాకు చదువు లేదు గానీ చూసింది మరిచిపోను. రాత్రంతా ఒక్కటే తలపోశాను. ఈ బొమ్మ ఎప్పుడెప్పుడు పగిలింది? పొద్దున ఎప్పుడూ పగల్లేదు. సాయంత్రం పగిలింది. మొన్న ఆదివారం సాయంత్రం ఉక్కపోసి చచ్చాం, ఆ రోజు పగల్లేదు. గాలి లేనిరోజు బొమ్మ బాగుంది. అంటే గాలికి కదిలేదేదో ఉంది.

మంగళవారం సాయంత్రం అత్తను టీవీ ముందు కూర్చోబెట్టి, బొమ్మ పోతే పోయిందని, వస్తే వచ్చిందని గట్టిగా చెప్పమన్నాను. నేను గొడుగు పక్కన నిలబడి అది చూసే వైపే చూశాను. కంచెకు ఆనుకుని రెండు జామాయిలు చెట్లు తాటిచెట్టంత పొడవు లేచి ఉన్నాయి. గాలి వచ్చి వాటి తలలు మా వైపు వంగాయి.

"పోయింది," అన్నది అత్త లోపలి నుంచి.

తలలు అటు వెళ్లాయి.

"వచ్చింది."

పది సార్లు చూశాను. పదికి పది. మా ఆయనను పిలిచి చూపించాను. అన్నను కూడా పిలుచుకొచ్చాం.

అతను చాలాసేపు చెట్లను చూశాడు, గొడుగును చూశాడు. "నా చెట్లు నా టీవీకే అడ్డమొచ్చినయన్నట్టు," అన్నాడు.

"నీ టీవీ ఎప్పటికెల్లి అయింది?" అన్నది వదిన.

రెండు చెట్లే కదా, నరికేస్తావా అని మా ఆయన అడిగాడు. అన్న తల అడ్డంగా ఊపాడు. తోట బేరమైపోయింది. కొన్నవాళ్లు వచ్చి చెట్టుచెట్టుకూ రంగు చుక్క పెట్టి లెక్క రాసుకుని పోయారు. మాట ఇచ్చాక ఒక్కటి ముట్టుకున్నా తప్పే. మరి వాళ్లు కొట్టుకుపోయేది ఎప్పుడంటే వచ్చే నెల. వదిన చెంగు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆమె ఏమీ అనకుండా పోవడం అన్న ఎన్నడూ చూడలేదు. బుర్ర గోక్కుంటూ అక్కడే నిలబడ్డాడు.

"కొట్టొద్దు గానీ, వంచొచ్చు గద," అన్నాడు చివరికి.

బేస్తవారం సాయంత్రం అన్న నిచ్చెన వేసి అందినంత ఎత్తుకు ఎక్కి, రెండు చెట్లకూ ఎడ్ల బండి మోకులు కట్టాడు. చెట్లు సన్నవి, ఒక మనిషి బలంగా లాగితే పక్కకు వంగుతాయి. కంచె గుంజలకు కట్టేద్దామంటే అవి పుచ్చిపోయి ఉన్నాయి. పక్క చెట్లకు కడితే అవీ ఊగుతాయి. మనుషులే పట్టుకోవాలి. ఒక మోకు మా ఆయన, ఒక మోకు అన్న పట్టుకునేటట్టు అనుకున్నాం. నేను గుమ్మంలో నిలబడి చెప్పాలి. ఊళ్లో ఉన్న ఆడవాళ్లంతా, కూలి గుంపు వాళ్లతో సహా, మా ఇంట్లో చాపల మీద కూర్చున్నారు. వదినను అందరికంటే ముందు కూర్చోబెట్టారు.

ఆరున్నర అయ్యింది. కార్యక్రమం మొదలైంది. ముందు ఎక్కడిదో చేపల చెరువు వచ్చింది. అది సాగుతుండగా వదిన లేచింది. జనం మధ్య నుంచి దాటుకుంటూ వాకిట్లోకి వచ్చి, అన్న ముందు చెయ్యి చాపింది.

"మోకు ఇటియ్యి బావ. నువ్వు లోపలికి పో."

"నీకేమన్న పిచ్చా మరదలా? నీ బొమ్మ నువ్వు సూడవా?"

"నేనేం చెప్పిన్నో నాకెరుకే. నమ్మనిది నువ్వు. పోయి కూసో."

అన్న మోకు ఆమె చేతికిచ్చి, వదిన లేచిన చోటే పోయి కూర్చున్నాడు.

చేపల చెరువు అయిపోయింది. తెర మీద వదిన ఇల్లు కనబడింది. ఇంట్లో ఒక్కసారిగా గోల లేచి, అంతలోనే అణిగింది. అప్పుడే గాలి వచ్చింది. బొమ్మ పగలబోయింది.

"వదినా, లాగు," అన్నాను.

ఆమె కాళ్లు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. రెండో మోకు మీద మా ఆయన వేలాడాడు. చెట్లు పక్కకు ఒరిగాయి. బొమ్మ నిలబడింది. తెర మీది వదిన కుండలో వావిలాకు పరుస్తోంది. వాకిట్లోని వదిన పళ్లు బిగించి మోకు లాగుతోంది. నేను అటొకసారి ఇటొకసారి చూస్తూ ఉన్నాను. ఇద్దరిలో ఎవరు బాగున్నారంటే చెప్పలేను.

నాలుగైదు నిమిషాలు అంతే. తర్వాత సారు వచ్చి ఎరువుల సంగతి మొదలుపెట్టాడు. అన్న లేచి బయటికి వచ్చాడు.

"ఇడువు మరదలా. అయిపోయింది."

ఆమె మోకు వదిలింది. చెట్టు ఝుమ్మని లేచి నిలబడి, మా అందరి నెత్తిన ఆకులు రాల్చింది. ఆమె అరచేతులు ఎర్రగా కందిపోయాయి. వాటిని ఊదుకుంటూ అరుగు మీద కూర్చుంది. అన్న ఆమె ముందు గొంతుక్కూర్చుని, ఆమె టీవీలో చెప్పినదంతా మొదటి నుంచి చివరిదాకా ఆమెకే చెప్పాడు. బూడిద ఎన్ని వేళ్ల మందం, ఆకు ఎండుదా పచ్చిదా, మూతి ఎప్పుడు మెత్తాలి, ఒక్కటీ వదల్లేదు. ఆమె కొత్తగా వింటున్నట్టు విన్నది.

"మంచిగ కనబడ్డనా?" అని అడిగింది.

"కనబడ్డవ్. నడిమిట్ల ఒకపారి ముక్కు చీదినవ్, గదీ కనబడ్డది." మళ్లీ తనే, "నీ మాట నిజమే. నేనే నోరు పారేసుకున్న," అన్నాడు.

"నాకెందుకు చెప్తవ్? కోతల కాడికొచ్చి చెప్పు."

వచ్చి చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఆఖరి మిరప కోత జరుగుతున్న చేను గట్టు మీద నిలబడి, వావిలాకు సంగతి మొత్తం గుంపుకు మళ్లీ వినిపించాడు. టీవీ చూసినవాళ్లూ విన్నారు, చూడనివాళ్లూ విన్నారు. ఆ గుంపులో ముందు సాలు పట్టుకుని కోస్తున్నది మా వదినే. వెనక్కి తిరగకుండానే, "రెండోపారి చెప్తున్నవ్ బావ, బూడిద మందం తప్పు చెప్తున్నవ్," అని దిద్దింది.

ఇదీ సంగతి. ఇంతసేపు ఓపికగా కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ కుండల్లో గింజకు పురుగు పట్టకూడదు. సాయంత్రమయ్యేసరికి మీ వాళ్లంతా ఒక్కచోట చేరి, కలిసి చూసి నవ్వుకునేది ఏదో ఒకటి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. మీ పిల్లాజెల్లా, గొడ్డూగోదా సల్లగ బతకాలి.