పెద్దక్క ఇంటి వీధి తలుపు

ఆసుపత్రి వంటగదిలో గరిటె తిప్పి తిప్పి భుజం అరిగిపోయాక, పెద్దక్క తన ఇంట్లోనే తాగుడు మానినవాళ్లకు చోటిచ్చింది. చికిత్స అయ్యాక నేరుగా ఇంటికెళ్లే ధైర్యం చాలనివాళ్లు అక్కడ కొన్నాళ్లుంటారు. పనికి వెళ్లొస్తారు, అంట్లు తోముకుంటారు, ఒకరినొకరు కనిపెట్టుకుంటారు. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు.

చీకటి పడగానే వీధి తలుపుకు లోపలినుంచి తాళం. తాళంచెవి పెద్దక్క మెడలో. తాగుడు మానలేని ఆమె సొంత తమ్ముడు ఒక రాత్రి ఆ తలుపు తెరుచుకునే వెళ్లాడు, మళ్లీ రాలేదు. తాళం బిగించింది ఆ ఇంట్లో అందరికన్నా పాతకాపు, వడ్రంగి. "గట్టిదే వేశానక్కా, నన్ను నేనే నమ్మను" అన్నాడప్పుడు.

ఈ ఏడు ఇలాంటి ఇళ్లన్నిటికీ ప్రభుత్వ గుర్తింపు ఉండి తీరాలన్నారు. లేకపోతే మూసెయ్యాలి. తనిఖీకొచ్చిన అధికారిణి పడకలు, పొయ్యి, మందుల అలమర చూసి తలూపింది. వీధి తలుపు దగ్గర ఆగిపోయింది.

"రాత్రి నిప్పంటుకుంటే వీళ్లెలా బయటపడతారమ్మా?"

"తాళంచెవి నా దగ్గరుందిగా!"

"ముందు మీకే పొగ పట్టేస్తే?"

పెద్దక్క మెడలోని తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది.

"ఇల్లు బాగుందమ్మా. ఈ తాళం ఉండగా మాత్రం సంతకం పెట్టలేను. సాయంత్రం మళ్లీ వస్తాను."

ఆమె అలా వెళ్లిందో లేదో పెద్దక్క అందుకుంది. "నిప్పట, నిప్పు! నా పొయ్యి మీద ఏనాడైనా పాలు పొంగాయా?"

"పాల వంతు కూడా నువ్వే పొంగుతావు కదక్కా" అన్నాడు వడ్రంగి.

ఆమె నవ్వలేదు. "తాళం తీశాక ఎవడైనా పోతే?"

"పోయేవాడు పగలు పోలేడా? రోజూ సారాకొట్టు ముందునుంచేగా పనికెళ్లొస్తున్నాం. నీ తాళం మా వెనకాలే వస్తోందా ఏంటి? మేమొచ్చేదాకా నువ్వు అన్నం తినకుండా కూర్చుంటావని ఇంటికొస్తున్నాం."

పెద్దక్క మెడలోని తాళంచెవి తాడు తీసి అతని చేతిలో పెట్టింది.

వడ్రంగి తాళం ఊడదీసి, మేకుల బెజ్జాల్లో చెక్కముక్కలు దిగ్గొట్టాడు. తలుపు బార్లా తీసి వీధిలోకి నడిచాడు. మూలమీద సారాకొట్టులో దీపం వెలిగింది. అటే చూస్తూ నిలబడ్డాడు. పెద్దక్క పిలవబోయి, పెదవి కరుచుకుంది.

అతను వెనక్కి తిరిగాడు. తలుపును ముందుకీ వెనక్కీ ఆడించి చూశాడు. "అక్కా, ఇది నేలకి రాసుకుంటోంది. ఉండు, అడుగున చెక్కడానికి చిత్రిక తెస్తా" అంటూ లోపలికెళ్లాడు.

అధికారిణి వచ్చేసరికి వడ్రంగి తలుపు ఊడదీసి, గుమ్మంలో పడుకోబెట్టి చిత్రిక పడుతున్నాడు. గుమ్మం నిండా చెక్కపొట్టు. ఆమె కాగితాలు తియ్యబోతుంటే పెద్దక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"సంతకం తరవాత పెడుదురుగానీ, కాస్త అలా జరగండమ్మా. మావాడికి వెలుతురు ఆగిపోతోంది."