నన్ను నేనే ఏరేసుకున్న వారం

నాకు షుగరొచ్చి పదేళ్లయింది. జబ్బు నాది, పెత్తనం మా ఆవిడది. ఇంట్లో బెల్లం డబ్బా వారానికో చోటు మారుతుంది. గూళూరు దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచుకుని బతికే మనిషిని నేను. మా ఆవిడ ఆ పురుగుల కన్నా నన్నే ఎక్కువ కాపలా కాస్తుంది.

పోయిన చలికాలం షుగరు మాత్రల కోసం బాగేపల్లి ఆసుపత్రికి పోతే, షుగరున్న వాళ్లందరికీ ఈ పరీక్ష చేస్తున్నామంటూ నర్సమ్మ ముంజేతికి చిన్న సూది గుచ్చింది. గోక్కోవద్దని, రెండు రోజులాగి రమ్మని చెప్పింది. రెండు రోజులకు అక్కడ గట్టిగా ఉబ్బింది. నర్సమ్మ దాన్ని స్కేలు పెట్టి కొలిచింది.

"నీ ఒంట్లో టీబీ క్రిమి ఉండాదప్పా. హెదరబేడి, భయమేం లేదు. చిక్కబళ్ళాపురం పోయి ఎక్స్‌రే తీపించుకో" అని కన్నడంలో చీటీ రాసిచ్చింది. ఆ తర్వాత కూడా చాలాసేపు ఏదో చెప్పింది. టీబీ అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

ఇంటికొచ్చేసరికి ఏం చేయాలో నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. తట్టలో ఒక్క పురుగు నలతగా కనిపించినా ఆలోచించం, ఏరి అవతల పడేస్తాం. లేకపోతే పంటంతా పోతుంది. అలాగే నన్ను నేను ఏరేసుకున్నాను. కంచం వేరు, చెంబు వేరు. లోపల ఉక్కగా ఉందని చెప్పి మంచం వసారాలోకి లాక్కున్నాను. బయట చూస్తే పళ్లు టకటకలాడే చలి. పురుగులకు కూడా అంటుతుందేమోనని షెడ్డులోకి పోవడం మానేశాను.

ఆకు కోయడం, తెచ్చి వేయడం ఒక్కతే చేసుకుంటూ మా ఆవిడ నాలుగు రోజులు ఓపిక పట్టింది. ఐదో రోజు ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"యాడ దాచిపెట్టుకోని తింటాండావు?"

"ఏంది?"

"బెల్లం. ఊరికే పోతాదా మంచం వసారాలోకి?"

దొంగతనం ఒప్పుకోవడమే మేలనిపించింది. అవును, బెల్లమే అన్నాను. నోరు వాసన చూస్తానని దగ్గరికొచ్చింది. నేను రెండు చేతులతో నోరు మూసుకుని షెడ్డు చుట్టూ పరిగెత్తాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, ఎదురింటి వాళ్లంతా చూస్తుండగా!

నేను ఆయాసంతో చతికిలబడ్డాక ఆమె నా దిండు కింద వెతికింది. బెల్లం దొరకలేదు, చీటీ దొరికింది. ఆమెకు కన్నడం చదవడం వచ్చు. చదివి, మడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. మర్నాడు పొద్దున నేను ఎక్స్‌రే కోసం బస్సుకు బయల్దేరితే మంచి చీర కట్టుకుని నా వెనకే వచ్చింది.

చిక్కబళ్ళాపురంలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు.

"జబ్బు లేదప్పా. క్రిమి లోపల నిద్రపోతాండాది, అంతే. ఇట్లున్నప్పుడు ఎవురికీ అంటదు. అయితే షుగరున్నోళ్లల్లో అది లేసేది జాస్తి. లేయకముందే మాత్రలు మింగాల, వారానికొక తూరి, మూడు నెలలు. షుగరు కూడా అదుపులో ఉండాల."

మా ఆవిడ కొంగు సర్దుకుని, "అయితే సార్, ఈయప్ప ఇంట్లోనే పండుకోవచ్చునా?" అని అడిగింది.

"ఇన్నాళ్లూ యాడ పండుకున్యాడమ్మా?" అన్నాడు డాక్టరు.

నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తిట్లకు సిద్ధంగానే ఉన్నాను, అవి నాకు అలవాటే. పేరేసంద్ర దాటాక ఇటు తిరిగింది.

"నాకు అంటకూడదనే గదా ఇదంతా?"

"ఊ."

"సచ్చిపోతాననుకున్యావా?"

లేదని చెప్పబోయాను. తలకాయ మాత్రం అవునని ఊగింది. ఆ ఐదు రాత్రులూ నేను వణికింది చలికి కాదని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"ఇంకోతూరి భయమైతే నన్ను లేపు. ఒక్కడివే భయపడబాక" అంది.

బస్సు నిండా జనం ఉన్నారు. అయినా ఏడ్చేశాను.