సర్దుబాటాయన

ఆస్పత్రిలో ఆయన్ని అందరూ సర్దుబాటాయన అంటారు. స్కాన్‌లు దాచే సర్వర్ నిండిపోయిందని ఎవరొచ్చి మొత్తుకున్నా, "సర్దుతాను లెండి" అని చొక్కా అంచుతో కళ్లజోడు తుడుచుకుంటారు. కమాండ్‌ని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకుని, చూపుడువేలితో ఎంటర్ నొక్కుతారు. పాత స్కాన్‌లు తీసేయడానికి డాక్టర్లు ఒప్పుకోరు. అందుకని ఏడేళ్లుగా, వచ్చిన ప్రతి కొత్త డిస్కునూ పాతవాటితో కలిపి ఒకే పెద్ద డిస్కులా పనిచేసే వాల్యూమ్‌గా పెంచుకుంటూ వచ్చారు.

ఈ ఉదయం అన్నిటికన్నా పాత డిస్కు కాసేపు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. ఎముకల డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఆపరేషన్ బల్ల మీద పేషెంటు ఉన్నాడండీ. నిన్నటి స్కాన్ తెరుచుకోవట్లేదు. అది కొత్త డిస్కులోనే ఉంటుందిగా?"

"అన్నీ కలిపేశానమ్మా. ఒకటి పోతే ఇక ఏదీ తెరుచుకోదు."

"మరి కాపీ?"

ఆయన కళ్లజోడు తీశారు గానీ తుడవలేదు.

"కాపీ కోసం తెచ్చిన డిస్కులు కూడా... చోటు చాలట్లేదన్నారని అందులోనే కలిపేశానమ్మా."

ఆయన జ్వరమొచ్చిన బిడ్డ నుదుటిని తాకినట్టు సర్వర్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తెర మీద మాత్రం ఇంకా సగం చోటు ఖాళీ అనే కనిపిస్తోంది.