జాంబియా సిస్టరమ్మ

ఎలీశమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఎల్‌బీ నగర్‌లో ఒక చిన్న డయాలసిస్ సెంటర్‌లో ఇప్పటికీ పగటి డ్యూటీ చేస్తుంది. కొత్తపేటలో ఆమె మొన్నటిదాకా కిరాయికున్న గల్లీలో అందరూ జాంబియా సిస్టరమ్మ అనేవారు. ఆ దేశం ఎక్కడుందని ఎవరైనా అడిగితే "ఆఫ్రికాల, కింద దిక్కు" అని ఊరుకుంటుంది. అంతకు మించి చెప్పే ఓపిక ఎప్పుడో పోయింది.

నల్గొండ దగ్గర పల్లెలో పుట్టి, మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుంది. ఎనభైల మొదట్లో భర్త స్తెఫనుకు జాంబియా రాగిగనుల్లో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం దొరికితే, తానూ వెళ్లి గనుల ఆసుపత్రిలో చేరింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఊరు మాత్రం ఇంకా రెండుగానే ఉంది. తెల్లవాళ్లు కట్టుకున్న వైపు బంగళాలు, పూలచెట్లు. నల్లవాళ్లను ఉంచిన వైపు ఇరుకు గదుల వరసలు. బయటి దేశాల నుంచి వచ్చిన ఉద్యోగులకు బంగళాలే ఇచ్చారు. సొంతూళ్లో దొరల ఇళ్లకు దొడ్డిదారినే వెళ్లిన ఎలీశమ్మ, ముందు గేటు తాళంచెవి పట్టుకుని చాలాసేపు బయటే నిలబడిపోయింది.

వార్డులో ముసొండా అనే ముసలి అటెండరు ఉండేవాడు. తెల్లదొరల కాలంలో మాంసం కొట్టు లోపలికి నల్లవాళ్లను రానిచ్చేవారు కాదని ఒక మధ్యాహ్నం చెప్పాడు. గోడకున్న చిన్న కిటికీ ముందు వాళ్లమ్మ ఎండలో నిలబడేదట. ఏ ముక్క ఇస్తున్నారో చూసుకునే వీల్లేదు. కాగితంలో చుట్టి బయటికి తోసేవారట.

"మా ఊరి హోటల్లో మాకు వేరే గ్లాసు ఉండేది. తాగి మేమే కడిగి పెట్టాలి" అంది ఎలీశమ్మ.

"అక్కడా తెల్లవాళ్లేనా?"

"కాదు. మా ఊరివాళ్లే."

ఇద్దరూ దుప్పట్లు మడతపెట్టే పనిలో పడ్డారు.

తర్వాత మంచి రోజులేమీ రాలేదు. ప్రపంచంలో రాగి ధర పడిపోయి, ఊళ్లో మొక్కజొన్న పిండికి బారులు పెరిగాయి. ఎయిడ్స్ వచ్చి వార్డుల్లో మంచాలు చాలక రోగుల్ని నేలమీద పడుకోబెట్టారు. ఆమె పని నేర్పిన పిల్ల నర్సులు ఆమె కళ్లముందే పోయారు. స్తెఫను మలేరియాతో పోతే అక్కడే పాతిపెట్టింది. ప్రభుత్వం గనులు అమ్మేశాక ఆసుపత్రికి మందులు రావడమే కష్టమైంది. ఒక్కతే తిరిగొచ్చింది.

పోయిన జూన్‌లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కిన షేర్ ఆటోలో ఒక నల్లమ్మాయి ఫోనులో ఏడుస్తూ మాట్లాడుతోంది. ఆ మాటలు జాంబియాలో మాట్లాడే బెంబా భాషవి. ఎన్నో ఏళ్లుగా వినని భాష. ఎలీశమ్మ ఆ పిల్ల చెయ్యి తాకి, "ములిషాని, మాయో?" అంది. బాగున్నావా తల్లీ అని.

ఆ అమ్మాయి ఫోను సంగతే మరచిపోయి చూసింది. పేరు చిలుఫ్యా. ఫార్మసీ చదువుతోంది. తక్కిన ఆడపిల్లల తల్లిదండ్రులు వద్దన్నారని హాస్టల్ ఖాళీ చేయించారు. గది ఎవరూ ఇవ్వడం లేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఎలీశమ్మ ఆమెను వెంటబెట్టుకుని తిరిగింది. ఒకచోట ఫ్యామిలీలకే ఇస్తామన్నారు. ఇంకోచోట తలుపు సగమే తెరిచి మూసేశారు. చివరికి జంగయ్య అనే ఇంటాయన ఒప్పుకున్నాడు.

"గీ పిల్ల ఎనుక గల్లీల నుంచే రావాలె సిస్టరమ్మా. ముంగట గేటు దిక్కు రావొద్దు. బస్తీల నలుగురూ అడుగుతరు."

ఎలీశమ్మ ఇంగ్లీషులో చెబితే చిలుఫ్యా తలూపింది. "సరే అమ్మా. అలసిపోయాను. తీసుకుంటాను."

"ఒద్దు" అంది ఎలీశమ్మ. జంగయ్య వైపు తిరిగి, "గోడకు కిటికీ గూడ పెట్టుండ్రి అన్నా. కిరాయి గా కిటికీలకెల్లి తీసుకోవచ్చు."

"ఏ కిటికీ?" అన్నాడు జంగయ్య అర్థంకాక.

"ఏం లేదన్నా. పోతం."

తన గదికే తీసుకెళ్లింది. వారం తిరగకుండానే ఇంటావిడ హనుమాయమ్మ మెట్ల దగ్గర ఆపింది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మాట మెత్తన.

"మీరంటే మాకు గౌరవమేనండీ సిస్టరమ్మగారూ. కానీ పై పోర్షను వాళ్లు ఊరుకోవట్లేదు. ఆ అమ్మాయిని ఇంకెక్కడైనా చూసుకోమనండి. ఏమీ అనుకోకండి."

కోపం వస్తుందని ఎలీశమ్మ ఒక్క క్షణం ఎదురుచూసింది. రాలేదు. మోకాళ్లు మాత్రం లాగుతున్నాయి.

"అనుకునేందుకు ఏమున్నదమ్మా. జర టైమియ్యుండ్రి. ఇద్దరం పోతం."

"అయ్యో, మిమ్మల్ని పొమ్మనలేదండీ!"

"ఎర్కనే" అంది ఎలీశమ్మ.

మూసారాంబాగ్‌లో లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో రెండు గదులు దొరికాయి. ఇంటాయన రిటైరైన బస్సు కండక్టరు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని మాత్రం చెప్పాడు. సామాను ఎక్కించిన రోజు ఎలీశమ్మ ప్రతి మలుపులోనూ కూలబడింది. చిలుఫ్యా మంచం కోళ్లు భుజాన వేసుకుని కిందికీ పైకీ తిరిగింది.

మధ్యాహ్నం ఆ పిల్ల మొక్కజొన్న పిండి గట్టిగా ఉడికించి ముద్దలు చేసింది. ఎలీశమ్మ చిన్నప్పుడు తిన్న జొన్న గట్క కంటే కాస్త చప్పగా ఉంది.

"ఇక్కడ ఎన్నాళ్లుండనిస్తారమ్మా?" అని అడిగింది చిలుఫ్యా.

"తెలియదు" అంది ఎలీశమ్మ. ఇంకో ముద్ద తుంచుకుని పప్పులో అద్దుకుంది.