ఆగిన మగ్గం

ఈపొద్దు మా ఏడేండ్ల చిన్నది, వద్దన్నా వినకుండా మగ్గం గుంటలో దిగి ఆడుకుంటా పడుగు పోగులు తెంచేసింది. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి గుడిలో ఇయ్యాల్సిన చీర అది. మా ఆయన కొట్టలేదు గానీ, "తెంచింది నువ్వే, అతకాల్సిందీ నువ్వే. అంతవరకు ఆటకు పోకూడదు" అని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. అది ఏడస్తానే అతికింది. నేను బతిమాలినా వినలేదు మహానుభావుడు.

సాయంత్రం కాఫీ తీసుకొని పోతే మగ్గం సద్దు లేదు, రేడియో కూడా ఆపేసినాడు. బిడ్డ ఆయన తొడ మీద తల పెట్టి నిద్రపోతా ఉంది.

"చీర నేయొద్దా?" అన్నాను.

"కాలు కదిపితే లేస్తాది మే, మెల్లగా మాట్లాడు."

వీధంతా మగ్గాలు ఆడతా ఉన్నాయి, మాది తప్ప. పోగులు తెగి చెడిన పని కంటే దీని నిద్రకు చెడిన పనే ఎక్కువ. ఇంతకీ శిక్ష పడింది ఎవరికంటారు?