మడమ తట్టే ఉస్తాద్

జడ్చర్లలో మా ఉస్తాద్ ఏ మాట చెప్పినా, దానికి ముద్ర వేసినట్టు కుడి మడమతో నేలను రెండుసార్లు తట్టేవాడు. రంగూన్‌లో ఒక చీనా వడ్రంగి దగ్గర చీనా కుస్తీ నేర్చుకుని, పందొమ్మిది వందల అరవైల నడుమ తిరిగి వచ్చాడు. "మూడు దినాలు పైసలియ్యకుండ ఊకెనే వచ్చి చూడుండ్రి, నచ్చితేనే ఉండుండ్రి" అంటే పదిమందిమి వెళ్లాం. నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి.

మొదటి రెండు రోజులూ మోకాళ్లు వంచి నిలబడటమే పాఠం. మూడోనాడు ఉస్తాద్, "నేను నిలబడ్డంక నన్ను ఎవ్వడు ఇంచు సుత కదపలేడు" అని మడమ తట్టాడు. పరీక్షించనిదే నమ్మని నేను, బండల మీద ఆయన పాదాల చుట్టూ సుద్దతో గీత గీశాను. మాలో ఒకడైన పల్లికాయ మిల్లు హమాలీ భుజంతో బలంగా నెట్టాడు. ఉస్తాద్ కదలలేదని అందరూ చప్పట్లు కొట్టారు.

నేను వంగి చూశాను. ఎడమ పాదం గీత దాటి రెండు వేళ్ల వెడల్పు జరిగింది. ఆ మాట బయటపెడితే ఆయన దగ్గర ఒక్కరూ మిగలరని తెలుసు. అయినా చెప్పాను.

"ఏది సార్, జర చూడనియ్యి!" ఆయన గొంతుక్కూర్చుని వేళ్లతో కొలిచాడు. ముఖం వెలిగిపోయింది. "గందుకే ఎడమ దిక్కు దెబ్బలు తింటున్న! ఇన్నేండ్ల సంది ఎవ్వడన్న చెప్పిండా?"

"ఉస్తాదే జరిగిండంటే ఇగ మనకేం ఫికర్!" అని హమాలీ నవ్వాడు.

నాలుగోనాడు పదిమందిమీ వచ్చాం. ఉస్తాద్ అప్పటికే తన పాదాల చుట్టూ తానే గీత గీసుకుని నిలబడ్డాడు.

"నెట్టు సార్, చూద్దాం" అన్నాడు. మడమ తట్టలేదు.